గిరిజకు ముందు నడిచిన అడుగులు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను గైడ్స్ విభాగానికి జిల్లా ఆర్గనైజింగ్ కమిషనర్‌గా డిప్యుటేషన్ మీద వేశారు. అంతవరకు బందరులో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేశాను. కమిషనర్ అనగానే జీపూ, బంట్రోతూ ఉంటారని మా బంధువులు చాలా రోజులు భ్రమపడ్డారు. నాకు ఇచ్చింది కార్యాలయంలో మెట్ల కింద ఒక బల్ల, తాళం సరిగా పడని ఒక బీరువా. విజిలు మాత్రం నా సొంతం.

ఈ ఉద్యమం గురించి తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. మగపిల్లలు స్కౌట్లు, ఆడపిల్లలు గైడ్లు. ఒక బడిలోని గైడ్లందరినీ కలిపి కంపెనీ అంటారు, దాన్ని చూసుకునే టీచరు కెప్టెన్. కంపెనీని ఆరేడుగురి జట్లుగా విడదీస్తారు. ఆ జట్టును పెట్రోల్ అంటారు. ప్రతి పెట్రోల్‌కూ ఒక పువ్వు పేరు ఉంటుంది, ఆ పిల్లల్లోనే ఒకరు లీడరు. పెద్దవాళ్ళు వెనక నిలబడతారు, పిల్లల్ని పిల్లలే నడిపిస్తారు. డ్రిల్లూ, సెల్యూట్లూ, తాళ్ళ ముడులూ అన్నీ దీని తర్వాతే.

ఆ ఏడాది మా ముందుకు వచ్చిన ప్రశ్న వైకల్యం ఉన్న పిల్లల గురించి. బందరు, గుడివాడ, పెడన బడుల్లో చూపు లేనివాళ్ళు, వినపడనివాళ్ళు, కాళ్ళు సహకరించనివాళ్ళు కొందరు గైడ్స్‌లో చేరారు. వాళ్ళందరినీ ఒకచోట చేర్చి వేరే కంపెనీ పెట్టాలని జిల్లా కమిటీలో ఎక్కువమంది అభిప్రాయం. ఆ కంపెనీకి జెండా పాట, ప్రార్థన, చేతిపనులు ఉంటాయి. నడకలూ, శిబిరాలూ ఉండవు. సమావేశంలో ఒక్కొక్కరే లేచి, 'పాపం, ఆ పిల్లలు' అంటూ మొదలుపెట్టారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పాపం అనేసినవాళ్ళు ఆ తర్వాత ఇక ఏ పనీ చెయ్యక్కర్లేదు, హాయిగా టీ తాగవచ్చు. ఈ పిల్లలు మామూలు పెట్రోల్స్‌లోనే ఉండాలని నేను పట్టుబట్టాను. మాటకు మాట పెరిగింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. శీతాకాలంలో జరిగే తృతీయ సోపాన్ పరీక్షలకు ఒక కలగలుపు పెట్రోల్‌ను తీసుకువెళ్ళాలి. తృతీయ సోపాన్ అంటే గైడు ఎక్కవలసిన మెట్లలో మూడోది, అందరికీ సులువుగా అందేది కాదు. ఆ పెట్రోల్ నెగ్గితే జిల్లాలోని పిల్లలందరూ ఎక్కడివాళ్ళు అక్కడే ఉంటారు. తప్పితే వేరే కంపెనీ పెడతారు.

నేను ఎంచుకున్నది చిలకలపూడి వైపు ఒక బడిలోని మందార పెట్రోల్‌ను. దాని లీడరు గిరిజ తొమ్మిదో తరగతి చదువుతోంది. పుట్టుకతోనే చూపు లేదు. వాళ్ళ నాన్న వీరబ్రహ్మం రోల్డ్‌గోల్డ్ నగలు చేస్తాడు. నగల్లో పొదిగే రాళ్ళను సైజుల వారీగా వేరుచేసే పని ఇంట్లో గిరిజదే. వేళ్ళతోనే వేరుచేస్తుంది. అలాగని ఆ పిల్ల సాధుజీవి అనుకోకండి. నోరు పెద్దది, పట్టుదల అంతకన్నా పెద్దది. బడిలో లీడరు ఎన్నికప్పుడు తన ఓటు తనకే వేసుకున్నానని నాతో బాహాటంగా చెప్పింది. శిబిరానికి అనుమతి అడగడానికి నేను వాళ్ళ ఇంటికి వెళ్తే వీరబ్రహ్మం కొలిమి ముందు నుంచి లేవకుండానే ఒక్క మాట అన్నాడు.

“తీసుకెళ్తే నడిపించండి మేడం గారూ. ఓ మూల కూర్చోబెట్టి పాటలు పాడించేదానికైతే మా ఇంట్లోనే పాడుద్ది.”

పెట్రోల్‌లో మిగతా ఐదుగురిలో ఇద్దరి పేర్లు చెబితే చాలు. షాహీన్‌కు వినపడదు. చూపు మాత్రం చురుకు, దేన్నీ వదలదు. మౌనిక గిరిజకు బడ్డీ. బడ్డీ అంటే జంట. శిబిరంలో ఎవరూ ఒంటరిగా ఉండకుండా ఇద్దరిద్దరిని జత చేస్తాం. మౌనిక ఒక్క క్షణం నోరు మూసుకోదు కాబట్టి ఎక్కడుందో గిరిజ వెతుక్కోనక్కర్లేదు.

పరీక్షాధికారిగా గుడివాడ నుంచి సుబ్బారావు గారు వచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు, స్కౌటింగ్‌లో నాకన్నా సీనియరు. నిబంధనల పుస్తకంలో ఏ నియమం ఏ పేజీలో ఉందో అడిగితే చూడకుండా చెప్పగలరు. మనిషి చెడ్డవారు కాదు. గిరిజకు దారిగుర్తుల పరీక్ష నుంచి మినహాయింపు ఇస్తాననీ, దాని బదులు ముడుల పరీక్ష పెడతాననీ ఆయనే ముందుకు వచ్చారు.

దారిగుర్తుల పరీక్ష అంటే ఇది. పరీక్షాధికారి ముందుగా ఒక దారి వెంట నేల మీద గుర్తులు పెడతారు. బాణం గుర్తుంటే అటు వెళ్ళాలి. అడ్డగీతలుంటే అటు వెళ్ళకూడదు. గుండ్రం గీసి నడుమ చుక్క పెడితే దారి అయిపోయిందని, గుర్తులు పెట్టినవాడు ఇంటికి వెళ్ళిపోయాడని. ఎక్కడి స్కౌట్లకైనా ఈ గుర్తుకు ఇదే అర్థం. ఉద్యమంలో తలపండినవారు పోయినప్పుడు కొందరికి సమాధి మీద కూడా ఇదే చెక్కుతారు. పెట్రోల్ ఆ గుర్తు చేరగానే సెల్యూట్ చేసి, అక్కడే కూర్చుని పరీక్షాధికారి కోసం ఎదురుచూడాలి. దారి ఎటు పోతుందో పరీక్షాధికారికి తప్ప ఎవరికీ తెలియకూడదు. కెప్టెన్‌కు కూడా చెప్పరు.

మినహాయింపు మాట వినగానే గిరిజ మొహం ఎర్రబడింది. గుర్తులు చేతికి తగిలేట్టు పెడితే తనే చదువుకుంటానంది. సుబ్బారావు గారు ఆలోచించి ఒప్పుకున్నారు. కాకపోతే ఒక షరతు పెట్టారు. చూపున్నవాళ్ళు ఎవరూ గిరిజకు ముందు నడవకూడదు. నడిచినట్టు తేలితే పరీక్ష చెల్లదు. ఆ షరతు నాకూ న్యాయంగానే తోచింది. గిరిజకైతే పండగలా ఉంది.

శిబిరం దివిసీమ చివర్లో జరిగింది. నాగాయలంక దాటి సముద్రం వైపు పోతే ఊళ్ళు పలచబడతాయి, రొయ్యల చెరువులు మొదలవుతాయి. అక్కడ ఒక తుఫాను షెల్టరులో దిగాం. స్తంభాల మీద నిలబెట్టిన పెద్ద కాంక్రీటు గది అది. ఆ నేలలో ఎంత వెతికినా గులకరాయి దొరకదు, అంతా ఒండ్రు మట్టే. అందుకని ఆ వైపు శిబిరం పెట్టినప్పుడల్లా గుర్తులకు రాళ్ళ బదులు గవ్వలు, ఆల్చిప్పలు వాడతాం. చేతికి స్పష్టంగా తగులుతాయి కాబట్టి గిరిజకు అవే మేలు. సుబ్బారావు గారు మధ్యాహ్నం భోజనం చేసి, సంచి నిండా ఆల్చిప్పలు పట్టుకుని, గొడుగు వేసుకుని ఒక్కరే వెళ్ళి గుర్తులు పెట్టి వచ్చారు. ఆ రోజు పౌర్ణమి. గుడివాడ మాగాణుల మధ్య పెరిగినవారికి పౌర్ణమి అంటే సత్యనారాయణ వ్రతం గుర్తుకొస్తుంది గానీ సముద్రపు పోటు గుర్తుకురాదు. ఆయన వెళ్ళినప్పుడు ఆటు వల్ల నీరు తీసి ఉంది. దారి సముద్రపు నీరు వచ్చిపోయే ఒక పాయను దాటి అవతలికి పోయేట్టు పెట్టారు. దారి ఎవరికీ చెప్పకూడదు కాబట్టి ఈ సంగతి నాకు గానీ, మాకు వంట చేస్తున్న ఆ ఊరి నాంచారమ్మకు గానీ తెలియలేదు. తెలిసి ఉంటే ఆమె అప్పుడే వద్దని ఉండేది.

మర్నాడు ఉదయం లేచేసరికి మంచు పట్టేసింది. షెల్టరు మెట్ల మీద నిలబడితే కింది మెట్టు కనపడలేదు. పరీక్ష వాయిదా వేద్దామా అనుకున్నాను. కానీ సుబ్బారావు గారు అప్పటికే మోటార్‌సైకిలు మీద ఊరి చుట్టూ తిరిగి దారి చివరికి వెళ్ళిపోయారు. ఫోను చేస్తే సిగ్నల్ లేదు. పైగా చూపున్నవాళ్ళకు ఏమీ కనపడని ఆ పొద్దున గిరిజకు వచ్చిన ఇబ్బంది ఏమీ లేదు. బయలుదేరమన్నాను.

పిల్లలందరూ ఒక తాడు పట్టుకున్నారు. ఒకసారి లాగితే ఆగాలి, రెండుసార్లు లాగితే నడవాలి. చివర్లో ఉన్న షాహీన్‌కు కేక వినపడదు కాబట్టి ఈ ఏర్పాటు. ముందు గిరిజ. బూట్లు విప్పి మౌనికకు ఇచ్చి, ఉత్త కాళ్ళతో నడిచింది. కాలికి చిప్ప తగలగానే వంగి వేళ్ళతో తడిమి, గుర్తు చదివి, తాడు రెండుసార్లు లాగేది. నేను అందరి వెనక పరిశీలకురాలిగా నడిచాను. పరిశీలకులు దూరంగా ఉండాలి, మాట్లాడకూడదు. ప్రమాదం అయితేనే విజిలు వెయ్యాలి. నాకు కనపడుతున్నది షాహీన్ మెడలోని స్కార్ఫు ఒక్కటే. ఆ పిల్ల కొంతసేపటికోసారి వెనక్కి తిరిగి నన్ను చూసుకునేది. అది మేము ముందే అనుకున్న పద్ధతి.

కరకట్ట దిగి రొయ్యల చెరువు గట్టు ఎక్కాం. మామూలుగా చెరువుల్లో నీళ్ళు చిలికే యంత్రాలు ఇరవై నాలుగు గంటలూ మోగుతుంటాయి. ఆ పొద్దున కరెంటు లేదేమో, అవి ఆగిపోయి ఉన్నాయి. పిట్ట అరవలేదు. కుక్క మొరగలేదు. మౌనిక కూడా నోరెత్తలేదు. నాకు అదే వింతగా ఉంది. కంపెనీలో అంతమంది అన్నిసార్లు చెప్పినా మూయని నోరు దానంతట అదే మూతపడింది.

కొంత దూరం పోయాక తాడు ఒకసారి లాగారు. ఆగాం. మళ్ళీ రెండుసార్లు లాగుతారని చూశాను. లాగలేదు. కాసేపటికి మౌనిక తాడు వెంట వెనక్కి వచ్చి, దారి అయిపోయిందట మేడం అని గుసగుసగా చెప్పింది. నేను ముందుకు వెళ్ళాను.

గట్టు నడుమ పళ్ళెమంత గుండ్రం ఉంది. తెల్లటి ఆల్చిప్పలు, ఒకదాని పక్కన ఒకటి, బోర్లించి పెట్టారు. నడుమ ఒకటే చిప్ప. గిరిజ మోకాళ్ళ మీద కూర్చుని దాని చుట్టూ రెండు చేతులూ తిప్పి చూసింది. ఇంటికి వెళ్ళిపోయారు అని గట్టిగా ప్రకటించింది. అందరూ సెల్యూట్ చేసి కూర్చున్నారు. దారి ఇంత పొట్టిగా ఉందేమిటని నాకు అనిపించింది. పరీక్షాధికారి కూడా అక్కడ లేరు. అయినా దారి ఎంత పొడుగు పెట్టాలో అది ఆయన ఇష్టం. మంచులో మోటార్‌సైకిలు నెమ్మదిగా నడుపుతున్నారేమో అనుకుని నేనూ పక్కన నిలబడ్డాను.

అప్పుడు గిరిజ నా వైపు తిరిగి అడిగింది. గొంతులో కోపం ఆపుకుంటోందని తెలుస్తోంది.

“మేడం గారూ, నా ముందు ఎవరూ నడవరన్నారు కదండీ. మరి ఈ పిల్లెవరు?”

ఏ పిల్ల అని అడిగాను. కరకట్ట దిగిన దగ్గర నుంచీ తన ముందు ఒక పిల్ల నడుస్తోందని చెప్పింది. ఉత్త కాళ్ళతోనే నడుస్తోందట. చిన్నపిల్ల అడుగులట. తను గుర్తు చదవడానికి వంగితే ఆ అడుగులు ఆగేవట, తను లేస్తే మళ్ళీ సాగేవట. ఇక్కడికి వచ్చాక ఆ పిల్ల కూర్చున్న చప్పుడు కూడా వినపడిందట. నేనే సాయానికి ఎవరినో పెట్టి, తనకు చెప్పకుండా దాచానని గిరిజ అనుకుంది. నేను పిల్లలందరినీ పేరు పేరునా తాకి చూశాను. అందరూ ఉన్నారు. గిరిజ తప్ప అందరి కాళ్ళకూ బూట్లు ఉన్నాయి.

నాకు భయం వేసింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. అంతలో షాహీన్ నా చెయ్యి పట్టి లాగి నేల చూపించింది. మంచుకు తడిసిన గట్టు మట్టి మీద గిరిజ అడుగులు వరసగా ఉన్నాయి. వాటికి ముందు ఇంకో వరస ఉంది. నా అరచెయ్యి అంత కూడా లేవు ఆ అడుగులు. గుండ్రం దాకా వచ్చాయి. గుండ్రం దాటి ఒక్క అడుగూ లేదు. చెరువుల మీద పనిచేసేవాళ్ళ పిల్లలు అక్కడ తిరుగుతూనే ఉంటారు, అది నాకు తెలుసు. తెలిసినా నా చెయ్యి విజిలు మీదకు పోయింది.

ఎదురుగా మంచులో బియ్యం కడుగుతున్నట్టు చప్పుడు మొదలైంది. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. ఎవరినీ కదలవద్దన్నాను. చాలాసేపటికి ఎండ తగిలి మంచు చిరుగులు పడింది. మేము ఆగిన చోటికి కాస్త ముందు గట్టు పల్లానికి దిగుతోంది. ఆ పల్లంలో పాయ ఉంది. ముందురోజు సుబ్బారావు గారు చెప్పులు చేత్తో పట్టుకుని దాటిన చోట పోటు నీరు సుడులు తిరుగుతూ లోపలికి తోసుకొస్తోంది. ఆ నీళ్ళ లోతు నాకు తెలియదు. అవతలి గట్టు మీద ఆయన గొడుగు ఊపుతూ, రావద్దు రావద్దు అని అరుస్తున్నారు. మా దాకా వచ్చేసరికి ఆ గొంతు పీలగా వినపడింది.

ఆయన మళ్ళీ ఊరంతా తిరిగి మా దగ్గరికి వచ్చేసరికి చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. అంత చలిలో. పిల్లల్ని ఒక్కొక్కరినే తాకి చూసి, నా వైపు చూడలేక నేల వైపు చూశారు. అప్పుడు గుండ్రం కనపడింది. తను పెట్టింది ఒకటేననీ, అది పాయ అవతల ఉందనీ చెప్పారు. వంగి ఒక చిప్పను లాగారు. అది సులువుగా రాలేదు, మట్టిలో పాతుకుని ఉంది. ఎన్నో ఏళ్ళ నుంచి అక్కడే ఉన్నట్టు ఉంది. కానీ ఆ గట్టుకు వయసే లేదు. ఆ వేసవిలోనే యంత్రంతో తవ్వి పోశారని ఆ తర్వాత తెలిసింది. ఆయన ఆ చిప్పను మళ్ళీ దాని చోటే పెట్టి, వేలితో నొక్కి, లేచారు.

పిల్లలు నియమం ప్రకారమే ఆగారు, గుర్తులన్నీ సరిగా చదివారు, పరీక్ష నెగ్గినట్టేనని ఆయన ప్రకటించబోయారు. అప్పుడు గిరిజ లేచి నిలబడి అటెన్షన్‌లోకి వచ్చింది.

“సార్, నా ముందు ఒకమ్మాయి నడిచిందండి. మీ షరతు ప్రకారం ఈ టెస్టు చెల్లదు.”

ఆ క్షణంలో నాకు గిరిజ మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కమిటీతో నెలల తరబడి పోట్లాడింది నేను. ఎంతమంది పిల్లల సంగతో ఈ ఒక్క పరీక్ష మీద ఆధారపడి ఉంది. ఎవరికీ కనపడని మనిషి కోసం ఈ పిల్ల అంతా గంగలో కలిపేస్తోందని ఒళ్ళు ఉడికిపోయింది. ముందు నడవడానికి ఎవరినైనా పెట్టారా అని సుబ్బారావు గారు నన్ను అడిగారు. లేదన్నాను. పిల్లల్ని అడిగారు. ఎవరూ ఎవరినీ చూడలేదు. గిరిజను మళ్ళీ అడిగారు. నడిచింది అని మళ్ళీ అదే మాట చెప్పింది. గైడు నమ్మదగినది అనేది మా నియమాల్లో మొదటిది. ఆయన ఆ నియమాన్ని నలభై ఏళ్ళుగా పిల్లలకు నేర్పుతున్నారు. ఈ పరీక్ష చెల్లదని, మర్నాడు మధ్యాహ్నం నీరు తీశాక ఇదే గట్టు మీద మళ్ళీ పెడతానని చెప్పారు.

షెల్టరుకు వచ్చాక నేను వంట దగ్గర కూర్చున్నాను. నాంచారమ్మ గోంగూర తుంచుతూ జరిగింది విన్నది. ఆశ్చర్యపోలేదు.

“ఆ వైపు అడుగులు మాకు కొత్తేం కాదండి. ఇంటికెళ్ళమ్మా అని ఓ మాటనేసి వచ్చేస్తాం.”

డెబ్బై ఏడు ఉప్పెన తర్వాత ఆ వైపు దొరికినవాళ్ళను దొరికిన చోటే పూడ్చారనీ, ఎవరి పిల్లలో ఏ ఊరివాళ్ళో ఎవరికీ తెలియదనీ, తను పుట్టకముందు సంగతనీ చెప్పింది. చిప్పల గుండ్రాల గురించి అడిగితే, అవి తాము పెట్టేవి కావని చెప్పి కాడలు ఏరి పక్కన పెట్టింది. ఆమె చెప్పినదాన్ని నమ్మానో లేదో ఇప్పటికీ చెప్పలేను.

ఇదంతా పక్కనే కూర్చున్న పిల్లలు విన్నారు. మౌనికకు పోయిన నోరు తిరిగి వచ్చింది. ఆ అమ్మాయే మనల్ని కాపాడిందే, లేకపోతే నీళ్ళలో పోయేవాళ్ళం, దండం పెట్టుకుందాం అంటూ ఏడుపు మొదలుపెట్టింది. మిగతావాళ్ళు దగ్గరగా జరిగారు. గిరిజ మాత్రం కాళ్ళకు అంటిన మట్టి రాలగొట్టుకుంటూ ఉంది.

“నీళ్ళ చప్పుడు నాకూ వినపడేది, నేనే ఆగేదాన్ని. ఆపితే ఆపింది. నాకు చెప్పి ఆపొచ్చుగా?”

నేను పొద్దుటి నుంచీ గిరిజ మీద పెట్టుకున్న కోపం అక్కడ పోయింది. పోయి నా మీదకే తిరిగింది అనను, అలాంటిదేమీ జరగలేదు. కాకపోతే ఒక సంగతి తెలిసింది. గిరిజకు దయ్యమా మనిషా అన్నది లెక్కలో లేదు. బడిలో చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళే ఆయాలూ, బస్సులో అడగకుండా ఎత్తి కూర్చోబెట్టే కండక్టర్లూ, పాపం అనే కమిటీ సభ్యులూ, గట్టు మీద చిన్ని అడుగులూ, అన్నీ ఆ పిల్లకు ఒకటే. అందరూ ఆమెకు ముందు నడిచేవాళ్ళే.

మర్నాడు మధ్యాహ్నం ఎండ కాసింది. చెరువుల్లో యంత్రాలు మోగుతున్నాయి. సుబ్బారావు గారు పొద్దున్నే నాంచారమ్మను అడిగి నీరు ఎప్పుడు తీస్తుందో తెలుసుకుని, గుర్తులు కొత్తగా పెట్టారు. గట్టు పొడుగునా నడిచి ఎవరూ లేరని స్వయంగా చూసి వచ్చారు. ముందురోజు గుండ్రం అక్కడే ఉందా అని నేను అడిగాను. లేదన్నారు. పోటు నీరు గట్టు మీదకు రాలేదు కదా అని నేను అనలేదు, ఆయనా అనలేదు.

పెట్రోల్ తాడు పట్టుకుని గట్టు మొదట నిలబడింది. బయలుదేరమని విజిలు వేశాను. గిరిజ కదలలేదు. తాడును కుడిచేతిలోకి మార్చుకుని, ఎడమచెయ్యి ముందుకు చాపింది. మా ఉద్యమంలో కరచాలనం ఎడమచేతితోనే చేస్తాం. ఎదురుగా ఎండలో ఖాళీ గట్టు తప్ప ఏమీ లేదు. చాపిన చెయ్యి నడుము కన్నా కిందికి దించి, అక్కడ కాసేపు ఉంచింది. చిన్నపిల్లల చెయ్యి అందుకునేటప్పుడు అంతే కిందికి వంచుతాం. ఆ తర్వాత ఆ చెయ్యి పైకీ కిందికీ రెండు మూడుసార్లు కదిలింది. ఎవరైనా పట్టుకుని ఊపితే కదిలినట్టే కదిలింది.

“నువ్వు వెనక రా. ఇవాళ ముందు నేను.”

మెల్లగానే అంది, కానీ అందరికీ వినపడింది. మౌనిక పెదవులు బిగించుకుంది. ఎవరూ నవ్వలేదు. గిరిజ తాడు రెండుసార్లు లాగి నడక మొదలుపెట్టింది.

గుర్తులన్నీ చదివింది. ఒకచోట అడ్డగీతలను బాణం అనుకోబోయి, మళ్ళీ తడిమి సరిదిద్దుకుంది. పాయ దగ్గర ఆగి, నీటి లోతు కర్రతో చూసి, పిల్లల్ని ఒక్కొక్కరినే దాటించింది. అవతలి గట్టు మీద సుబ్బారావు గారు పెట్టిన గుండ్రం దగ్గర సెల్యూట్ చేసి కూర్చుంది. నీ ముందు ఎవరైనా నడిచారా అని ఆయన నియమం ప్రకారం అడిగారు. లేదని చెప్పింది. ముందు అన్న మాటను కాస్త నొక్కి పలికింది. ఆయన ఇంకో ప్రశ్న వెయ్యలేదు. మందార పెట్రోల్ నెగ్గింది. వేరే కంపెనీ ప్రతిపాదన ఆ నెల సమావేశంలో వీగిపోయింది. ఆ పిల్లలు ఇప్పటికీ మామూలు పెట్రోల్స్‌లోనే ఉన్నారు.

పదవీ విరమణ చేసేవరకు కెప్టెన్ల శిక్షణ తరగతుల్లో ఈ ఉదంతం చెప్పేదాన్ని, అడుగుల సంగతి వదిలేసి. అందులో నేను నేర్చుకున్నది ఒకటే. వైకల్యం ఉన్న పిల్లకు సాయం చెయ్యవచ్చు. కానీ ఆమెకు చెప్పి చెయ్యాలి, వెనక నుంచి చెయ్యాలి. చెప్పకుండా ముందు నడిచిన సాయం ప్రాణం కాపాడినా సరే, ఆ పిల్ల చేసిన పనిని ఆమెది కాకుండా చేస్తుంది. దాన్ని కాదనే హక్కు ఆమెకు ఉంది.

తరగతుల్లో చెప్పనిది ఇంకొకటి ఉంది. ఆ మధ్యాహ్నం గట్టు మీద నడుస్తున్నంతసేపూ షాహీన్ పద్ధతి ప్రకారం వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. కానీ నా మొహం వైపు కాదు, మా ఇద్దరి నడుమ ఖాళీ చోటులో, చిన్నపిల్ల తల ఉండేంత ఎత్తుకు చూసి, ఊఁ అన్నట్టు తల ఊపి మళ్ళీ ముందుకు తిరిగేది. పరిశీలకులు ఎంత దూరంలో నడవాలో నిబంధనల పుస్తకంలో ఉంది. ఆ రోజు నేను దానికన్నా ఎక్కువ దూరం వదిలి నడిచాను.